వెనక నుంచి పిలుపు

"గాలి పూర్తిగా విప్పారా?"

డైవ్ షాపులో కొత్తగా చేరిన సుష్మ పైడిబాబుని అడిగిన మొదటి ప్రశ్న అదే. పడవ అంచున కూర్చుని, మసక పట్టకుండా మాస్క్ అద్దానికి ఉమ్మి రుద్దుకుంటున్న అతని చేయి ఆగిపోయింది. ఇంజను దగ్గరున్న అసిరయ్య కూడా తలెత్తి చూశాడు.

"ఏంటి మేడం?"

"సిలిండర్ వాల్వ్ పూర్తిగా విప్పారా అని. జాకెట్ చూశాను, బరువులు చూశాను. ఇవాళ మీ బడీని నేనే కదా భయ్యా, అన్నీ చూడాలి."

పైడిబాబు మాస్క్ కడుక్కుని, సముద్రం వైపే చూస్తూ అన్నాడు. "నీళ్లలోకి పోయే మనిషిని ఎవరైనా ప్రశ్నలు అడుగుతారా? మీ ఇంట్లో పెద్దోళ్లెవరూ చెప్పలేదా?"

"మా ఇంట్లో పెద్దవాళ్లు డెలానీపూర్‌లో ఆఫీసుకి వెళ్తారు. అన్నం డబ్బా పెట్టుకున్నారా అని మా అమ్మ రోజూ గుమ్మంలో అడుగుతుంది. మా నాన్న రోజూ సాయంత్రానికి ఇంటికొస్తారు."

అసిరయ్య నవ్వు దాచుకోవడానికి ఇంజను మీదకి వంగాడు. పైడిబాబు నవ్వలేదు. ఆమె ఇంకేదో అడిగేలోపే వెనక్కి ఒరిగి నీళ్లలో పడ్డాడు.

టూరిస్టుల్ని నీటి అడుగుకి తీసుకెళ్లే సరోజిని దీదీ డైవ్ షాప్ హోప్ టౌన్ జెట్టీకి నాలుగడుగుల దూరంలో ఉంది. అక్కడ ఒక్కళ్లే నీళ్లలోకి దిగడం ఉండదు. ఎప్పుడూ ఇద్దరు. దిగేముందు ఒకరి సామాను ఒకరు చూడాలి. గాలి నింపుకునే జాకెట్, నడుముకి కట్టిన బరువులు, బకిల్స్, సిలిండర్‌లో గాలి, చివరికి నెత్తి నుంచి పాదాల దాకా ఒక చూపు. రెండు నిమిషాల పని. అలా చూసి, పక్కనే దిగే మనిషిని బడీ అంటారు.

పైడిబాబుకి ఆ పని రాక కాదు. వచ్చిన టూరిస్టుల సామాను అతను చూసేంత శ్రద్ధగా ఇంకెవరూ చూసేవారు కాదు. పట్టీ పట్టీ లాగి చూసేవాడు. భయపడే వాళ్లకి పిల్లలకి చెప్పినట్టు రెండుసార్లు చెప్పేవాడు. కానీ తన సామాను మాత్రం ఎవరినీ చూడనిచ్చేవాడు కాదు.

"నాది నేను చూసుకుంటాను," అనేవాడు. అంతే.

సుష్మ దీదీతో చెప్పింది.

"పదేళ్ల నుంచి చేస్తున్నాడు. నేను చెప్పి చెప్పి అలిసిపోయాను," అంది దీదీ. "నువ్వు బడీవి కదా, నువ్వే చూసుకో."

సుష్మ ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు. చూసే పిల్ల. పొద్దున్నే హార్బర్ అవతల నుంచి ఫెర్రీలో వచ్చి షాపుకి నడుస్తూ, వేటకి బయల్దేరే పడవల్ని చూసేది. మగవాళ్లు వలలు భుజాన వేసుకుని దిగేవారు. ఆడవాళ్లు గుమ్మంలో నిలబడేవారు. ఎక్కడికి అని గానీ, ఎప్పుడొస్తారు అని గానీ ఎవరూ అడిగేవారు కాదు. మనిషి గుమ్మం దాటాక వెనక నుంచి పేరు పెట్టి పిలిచేవారే కాదు. సుష్మ వాళ్ల నానమ్మ కూడా చిన్నప్పుడు ఇలాంటి మాటలు చెప్పేది. మూడు తరాల ఆఫీసు ఉద్యోగాల్లో అవి వాళ్ల ఇంట్లో అరిగిపోయాయి. ఇక్కడ అరగలేదు.

అడగకుండా చూసే దారి ఒకటి వెతికింది.

"మీ కాలర్లో ఇసుక ఉంది," అంటూ ఒకరోజు అతని వెనక్కి వెళ్లి నిలబడింది. కాలర్ దులుపుతూ రెండో చేత్తో వాల్వ్ తిప్పి చూసింది. పూర్తిగా విప్పే ఉంది.

మర్నాడు కూడా కాలర్లో ఇసుక ఉంది. ఆ మర్నాడూ ఉంది.

"మేడం, నేను పడవలోనే ఉన్నాను పొద్దున్నుంచీ. ఇసుక ఎక్కడిది?" అన్నాడు పైడిబాబు నాలుగో రోజు.

"గాలికి ఎగిరొచ్చుంటుంది భయ్యా."

"రోజూ నా మీదకే ఎగురుతోందే."

"మీరే అడగండి దాన్ని. నేను అడిగితే దోషం కదా."

అతను నవ్వడం ఆమె చూసింది ఆ రోజే.

అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం, షాపుకి ఏదో సామాను కొనడానికి పైడిబాబు కూడా ఆమెతో ఫెర్రీ ఎక్కాడు. హార్బర్ మధ్యలోకి వచ్చేసరికి వర్షం అందుకుంది. చుక్కగా మొదలై, ఊపిరి తీసుకునేలోపు అడ్డంగా కొట్టింది. స్కూటర్ల మధ్య, రేకు కింద ఒకే ఒక్క పొడి చోటు మిగిలింది. ఇద్దరూ అందులోకి ఒదిగారు.

"కాలర్లో ఇసుక వెతుకుతున్నారని నాకు తెలీదనుకున్నారా?" అన్నాడు.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?"

"మీరు అడగట్లేదు కదా. చూస్తున్నారు. చూపుకి దోషం లేదు."

"అడిగితే ఏమవుతుంది?"

పైడిబాబు వర్షంలోకి చూశాడు. అవతలి ఒడ్డు కనబడటం లేదు.

"నేను అడిగాను ఒకసారి. పదహారేళ్లు నాకు. ఆ రోజు మా రిజల్ట్స్. నాన్న వేటకి దిగుతున్నాడు. 'నాన్నా, ఎప్పుడొస్తావు' అన్నాను వెనక నుంచి. రిజల్ట్ వచ్చేసరికి ఇంట్లో ఉంటాడేమోనని. నాన్న ఆగాడు. ఏమీ అనలేదు. వెళ్లిపోయాడు." చేత్తో ముఖం మీది తడి తుడుచుకున్నాడు. "మూడో రోజు పడవ దొరికింది, బోర్లా పడి. నాన్న దొరకలేదు."

సుష్మకి చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. నువ్వు అడిగినందుకు కాదు, అనాలనుకుంది. కానీ పదకొండేళ్లు మోసిన బరువుని, ఫెర్రీ దిగేలోపు ఒక్క మాటతో దింపేయడానికి తనెవరు అనిపించింది. చేతిలో గొడుగు తెరిచి సగం అతని వైపు జరిపింది. రేకు కింద గొడుగు ఎందుకని అతను అడగలేదు.

అవతలి ఒడ్డున చాతంలో దిగేటప్పుడు సుష్మ అంది. "రేపు కలుద్దాం, పైడిబాబూ."

"భయ్యా ఏమైంది?"

"వర్షంలో పడిపోయింది."

ఆ మర్నాటి నుంచి కాలర్లో ఇసుక కూడా కనబడలేదు. అతని గాయం ఎక్కడుందో తెలిశాక, నవ్వుతూ కూడా దాని మీద చెయ్యి వేయలేకపోయింది. అతను తన సామాను తనే చూసుకునేవాడు. ఆమె తలుపు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లలాగా మౌనంగా నిలబడేది. అదే ప్రేమ అనుకుంది.

నవంబరు రెండో వారంలో నార్త్ బే దగ్గర, నీళ్ల మీద తేలుతూ పడవలు కట్టుకోవడానికి ఉండే బోయా తాడు అరిగిపోయిందని తెలిసింది. టూరిస్టులు రాకముందే ఇద్దరూ దిగి చూడాలి.

పడవ ఆగింది. పైడిబాబు సిలిండర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని వాల్వ్ మీద చేయి వేశాడు. అప్పుడే ఒక అల పడవని రాళ్ల వైపు తోసింది.

"ఒరే పైడీ, తాడు అందుకోరా బేగి," అని అరిచాడు అసిరయ్య.

పైడిబాబు లేచి పరిగెత్తాడు. పడవని నిలబెట్టి వచ్చాడు. గేజ్ చూసుకున్నాడు. ముల్లు నిండుగా రెండు వందల దగ్గర ఉంది. సిలిండర్ వీపుకి తగిలించుకున్నాడు.

సుష్మ అంతా చూసింది. అతని చేయి వాల్వ్‌ని కొంచెమే తిప్పి వదిలేయడం చూసింది. తిరిగొచ్చి మళ్లీ దాన్ని ముట్టుకోకపోవడం కూడా చూసింది. కొంచెం విప్పినా గేజ్ ముల్లు నిండుగానే చూపిస్తుందని ఆమెకి తెలుసు. రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి ముల్లు పడుతుందేమో చూస్తేగానీ అసలు సంగతి తెలియదు.

అతను అప్పటికే అంచు మీద ఉన్నాడు. వీపు సముద్రం వైపు.

ఇప్పుడు పిలిస్తే దోషం, అనుకుంది. బాధపడతాడు, అనుకుంది. విప్పే ఉంటాడులే, అని కూడా అనుకుంది. అతను నీళ్లలో పడ్డాడు. ఆమె కూడా పడింది.

పద్దెనిమిది మీటర్ల దగ్గర బోయా తాడు పగడపు రాతిని చుట్టుకుని ఉంది. పైడిబాబు ముడి విప్పుతున్నాడు. లోతుకి వెళ్లేకొద్దీ ఒక్కో ఊపిరికీ ఎక్కువ గాలి కావాలి. పని చేస్తుంటే ఇంకా ఎక్కువ కావాలి. సుష్మ అతని బుడగల్నే చూస్తోంది. గుత్తులు గుత్తులుగా పైకి వెళ్లేవి సన్నబడ్డాయి. తర్వాత ఒకటీ అరా.

అతను ఆమె వైపు తిరిగాడు. అరచేయి బల్లపరుపుగా చాచి గొంతుకి అడ్డంగా గీశాడు. గాలి లేదు.

సుష్మ తన ఛాతీకి తగిలించి ఉన్న అదనపు పసుపు గొట్టం లాగి అతని నోటికి అందించింది. అతను పీల్చాడు. ఆమె అతని జాకెట్ పట్టీని పిడికిట్లో బిగించింది. అతను ఆమె మోచేతిని పట్టుకున్నాడు. ఒకే సిలిండర్‌లో రెండు ఊపిరులు. పైన వెలుగు దూరంగా ఒక పలుచటి గుడ్డలాగా ఊగుతోంది. తొందరపడి లేచిపోతే ఊపిరితిత్తులు పాడవుతాయి. మెల్లిగా, బుడగల కంటే మెల్లిగా లేవాలి. అతని కళ్లు మాస్క్ వెనక చాలా పెద్దవిగా ఉన్నాయి. అవి ఆమె ముఖం మీద నుంచి కదల్లేదు.

ఐదు మీటర్ల దగ్గర ఆగారు. ఒంట్లో చేరిన గాలి మెల్లిగా బయటపడటానికి మూడు నిమిషాలు అక్కడే తేలాలి. అప్పుడు సుష్మ అతని మెడ వెనక్కి చేయి పోనిచ్చి వాల్వ్ దొరకపుచ్చుకుంది. తిప్పింది. తిరిగింది. మళ్లీ తిప్పింది. మళ్లీ తిరిగింది. గాలి అంతా అక్కడే ఉంది. అడగని ఒక్క మాట అడ్డంగా ఉంది.

నీ గొట్టంలో గాలి వస్తుంది ఇక, అని సైగ చేసింది. అతను తల అడ్డంగా ఊపాడు. పైకి చేరేదాకా ఆమె గాలే పీల్చాడు.

షాపులో సరోజిని దీదీ రిజిస్టర్ తెరిచి కూర్చుంది.

"చెక్ చేసి సంతకం పెట్టాల్సింది ఎవరు?"

"తప్పు నాది దీదీ," అన్నాడు పైడిబాబు.

"నాది," అంది సుష్మ.

"పోటీ పడొద్దు. ఇది బహుమతి కాదు." దీదీ గొంతు పెరగలేదు. "ఒకళ్ల తప్పయితే ఒకళ్లని పంపేసేదాన్ని. పైడిబాబూ, నువ్వు చూడనివ్వలేదు. సుష్మా, నువ్వు చూసి ఊరుకున్నావు. ఇదంతా తెలిసీ నేను నెల్లాళ్లు ఊరుకున్నాను. పదిహేను రోజులు ఇద్దరూ నీళ్లలోకి దిగొద్దు. సామాను కడగండి. ఆ తర్వాత కలిసి దిగుతారో, మానేస్తారో మీరే చెప్పండి."

షాపు వెనక మంచినీళ్ల తొట్టి. ఇద్దరూ జాకెట్లు ముంచి ఉప్పు వదిలిస్తున్నారు.

"నా గాలి సగం మీరే తాగేశారు," అంది సుష్మ.

"నాది వస్తోందని తెలుసు. మార్చుకోబుద్ధి కాలేదు." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "పదహారో రోజు దిగుదామా?"

"నేను మీతో దిగను పైడిబాబూ. దీదీని అడిగి వేరే బడీని చూసుకుంటాను."

అతని చేతులు నీళ్లలో ఆగిపోయాయి. "మా ఇంటి పద్ధతి మీద కోపమా? నా మీదా?"

"కోపం కాదు. నేను చూశాను, మీరు సగంలో లేచిపోవడం. చూసీ అడగలేదు. అదే ఎవరో టూరిస్ట్ అయితే చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని. మీరు కాబట్టి ఆపలేదు." ఆమె జాకెట్‌ని మళ్లీ ముంచింది, అది శుభ్రంగానే ఉన్నా. "నాకు ఇష్టం లేనివాళ్లకే నేను మంచి బడీని."

"అంటే..."

"అంటే అంతే."

పన్నెండో రోజు పొద్దున్న సుష్మ ఫెర్రీ దిగి నడుస్తుంటే, ఎండుచేపలు తిరగేస్తున్న ఒక ఆవిడ నడుం నిటారు చేసి నిలబడింది.

"నువ్వేనా డెలానీపూర్ గుంటవి? నా కొడుకుకి నీ గాలి పోసింది?"

పైడిబాబు తల్లి కాళమ్మ. సుష్మ తలూపింది.

"అసిరయ్య సెప్పినాడు. మావోడు నాకు సెప్పలేదు. రా, లోనికి రా."

లోపల గోడ మేకుకి ఒక నైలాను తాడు చుట్ట వేలాడుతోంది. దుమ్ము లేదు. ఎవరో రోజూ తుడుస్తున్నట్టుంది. సుష్మ దాన్నే చూడటం కాళమ్మ గమనించింది.

"లంగరు తాడు. మా ఇంటాయన నూకన్నది. ముందు దినం పురి ఇడిపోయిందని బాగుసెయ్యడానికి ఇంటికి తెచ్చినాడు. తెల్లారి మరిసిపోయి ఎల్లిపోనాడు. నాను సూసినాను. పది అడుగుల దూరంలో ఉన్నాడు. పిలుపు నోటిదాకా వొచ్చింది. ఎనక నుంచి పిలిస్తే దోసం కదా అని కొంగు నోట్లో కుక్కుకున్నాను." ఆమె గొంతు మామూలుగానే ఉంది, ఎన్నోసార్లు లోపల్లోపల చెప్పుకున్నట్టు. "ఇంజను ఆగిపోయిందంట. లంగరు లేకపోతే పడవని ఏటి ఆపుతాది? పెద్ద కెరటాల్లోకి కొట్టుకుపోనాది."

"ఇది పైడిబాబుకి తెలుసా?"

"ఏ మొకంతో సెప్పను? నీ నాన్నని నాను సంపీసినానురా అని సెప్పనా?"

ఎండుచేపల పళ్లెం ముందేసుకుని కూర్చున్న ఆవిడకి ఎదురుగా సుష్మ నేల మీద కూర్చుంది. ఇది తను చెప్పాల్సిన మాట కాదని తెలుసు. చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుందో కూడా ఇప్పుడు తెలుసు.

"అతను తనే చంపాననుకుంటున్నాడు, అమ్మా. ఆ రోజు వెనక నుంచి 'ఎప్పుడొస్తావు' అని అడిగాడట. అందుకే రాలేదనుకుంటున్నాడు."

కాళమ్మ చేతిలో చేప జారి పళ్లెంలో పడింది.

"ఆడడిగినాడా? నాను ఇన్లేదే." చాలాసేపు ఆ తాడు వైపు చూసింది. "పదకొండేళ్లు. ఒకే కంచంలో తింటన్నాం."

పదహారో రోజు సుష్మ జెట్టీకి వెళ్లింది. దిగుతుందో లేదో ఆమెకే తెలియదు. దీదీ మొదట ఇద్దర్నీ జెట్టీ మెట్ల పక్కనే, లోతు లేని చోట దిగి చూపించమంది. పైడిబాబు అప్పటికే సామాను వేసుకుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సుష్మ కూడా వేసుకుంది. వేటకి బయల్దేరే పడవలు నాలుగు అక్కడే ఉన్నాయి. అందరూ చూస్తున్నారు.

అతను మెట్లు దిగడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. నీళ్లు పాదాలకి తగిలాయి. సుష్మ నోరు తెరిచింది. మాట రాలేదు.

"ఒరే పైడీ."

వెనక నుంచి వచ్చిన పిలుపు అది. జెట్టీ మీద మాటలన్నీ ఆగిపోయాయి. అసిరయ్య వెలిగించబోతున్న బీడీ దించేశాడు. కాళమ్మ మెట్ల పైన నిలబడి ఉంది. భుజాన ఆ తాడు చుట్ట.

"గాలి ఇప్పినావేట్రా?"

పైడిబాబు వెనక్కి తిరిగాడు. కొడుకూ తల్లీ ఒకరినొకరు చూసుకున్నారు. తల్లి చూపు దించలేదు.

అతను దిగిన రెండు మెట్లూ ఎక్కి సుష్మ ముందుకొచ్చాడు. "రాత్రి అమ్మ చెప్పింది. తాడు సంగతి," అన్నాడు. తర్వాత, పదేళ్లలో ఎవరికీ ఇవ్వని వీపుని ఆమె వైపు తిప్పాడు. "చూడండి."

"జాకెట్?" అంది సుష్మ.

"గాలి నిలుస్తోంది."

"బరువులు?"

"ఆపదొస్తే కుడివైపు లాగితే ఊడతాయి."

"బకిల్స్?"

"నాలుగూ పెట్టాను."

"గాలి?"

"పూర్తిగా విప్పాను. అయినా చూడండి."

ఆమె వాల్వ్ పట్టుకుని తిప్పి చూసింది. ఇక తిరగలేదు. అతను రెండుసార్లు గట్టిగా పీల్చాడు. ముల్లు కదల్లేదు. నెత్తి నుంచి పాదాల దాకా ఒక చూపు చూసి, ఆమె తన వీపు అతని వైపు తిప్పింది. అతను ప్రతి పట్టీ లాగి చూశాడు, టూరిస్టులకి చూసినట్టే, ఇంకొంచెం ఎక్కువసేపు.

"మీ కాలర్లో ఇసుక ఉంది," అన్నాడు.

"ఇంకొకటి మిగిలింది," అంది సుష్మ అతని వైపు తిరిగి.

"ఐదూ అయ్యాయి కదా."

"లిస్టులో లేనిది." నీళ్లలోకి దిగబోయే మనిషిని, నలుగురి ముందూ, కళ్లలోకి చూస్తూ అడిగింది. "ఎప్పుడొస్తావు?"

అతని ముఖం ఒక్క క్షణం పదహారేళ్ల కుర్రాడిదైంది. పెదవి కొరుక్కున్నాడు. పైన నిలబడ్డ తల్లిని చూశాడు. తర్వాత ఆమె జాకెట్ పట్టీని పిడికిట్లో బిగించాడు, ఆ రోజు నీళ్ల కింద ఆమె బిగించినట్టు.

"నువ్వొచ్చినప్పుడే," అన్నాడు.

కాళమ్మ భుజం మీది తాడు దించి అసిరయ్య పడవలో పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అయితే ఇద్దరూ బేగి రండి," అంది. "కూర సల్లారిపోద్ది."